సామాజిక మాధ్యమములును మన పాఠశాలయు

తల్లిదండ్రుల సమావేశములలో పూర్వము మమ్ము అడుగు ప్రశ్నలు మార్కులను గూర్చియు, హాజరును గూర్చియు నుండెడివి. ఇప్పుడు వానిని మించిన ప్రశ్న యొకటి కలదు. “మాస్టారూ, పిల్లవాడికి ఫోను ఇవ్వమంటారా, వద్దంటారా?” ఇయ్యవలదని చెప్పుట సులభము. కాని ఆ సాయంకాలమే తరగతి వాట్సాప్ గ్రూపులో ఇంటిపని పంపువారమును మేమే. కావున ఈ ప్రశ్నకు ఒక్క మాటతో గాక, కొంచెము విపులముగా ప్రత్యుత్తర మిచ్చుట మా విధి యని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట ఈ మాధ్యమము లెట్టివో తెలిసికొందము. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ మొదలగువానిని సామాజిక మాధ్యమములని పిలుచుచున్నారు. పుస్తకమునకును వీనికిని మూడు భేదములు గలవు. మొదటిది: పుస్తకమును వ్రాయువారు వేఱు, చదువువారు వేఱు, ఇచ్చట చదువువాడే మఱునిమిషమున ప్రచురించువాడు కూడ నగును. రెండవది: పుస్తకము అచ్చునకు పోకమునుపు దానిని దిద్దువారుందురు, ఇచ్చట సాధారణముగా నట్టివారు లేరు. మూడవది: బీరువాలోని పుస్తకములు ఎవరు వచ్చినను ఒకే వరుసలో నుండును, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబులందు ఎవరికి ఏది ముందు కనబడవలెనో యంత్రము నిర్ణయించును. మనము దేనియొద్ద ఎక్కువసేపు నిలిచితిమో, దేనిని మెచ్చితిమో కనిపెట్టి, అటువంటి దానినే మఱల మఱల మన ముందు పెట్టును. మనలను నిలిపియుంచుటయే దాని ముఖ్యమైన పని. ఏలయన, చూచువారి సమయమే ప్రకటనల మూలమున ఆ కంపెనీలకు ఆదాయమగుచున్నది.

మన ఏలూరు కృష్ణా కాలువయు గోదావరి కాలువయు కలిసికొను పట్టణము. తాడేపల్లిగూడెము మీదుగా వచ్చు గోదావరి కాలువపై సరకు పడవలు నడచిన దినములను పెద్దలెఱుగుదురు. నీటిమట్టము మాఱు చోట లాకు ఉండును. పడవ లాకులోనికి రాగానే ఒక తలుపు మూసి, నీరు సమమట్టమునకు వచ్చువఱకు నిలిపి, పిమ్మట రెండవ తలుపు తీసెడివారు. ఆ కొంతసేపు ఆగుటవలననే పడవ క్షేమముగా సాగెను. కాలువలపై సరకులే గాక చదువును ప్రయాణము చేసినది. 1935లో కృష్ణా డెల్టాయందు పాతూరి నాగభూషణము గారి పూనికచే పడవలో గ్రంథాలయము ఏర్పడి, కాలువగట్టు గ్రామములకు పుస్తకములను చేర్చెను. నేటి సందేశము ఆ పడవకంటె ఎన్నియో రెట్లు వేగముగా పోవును. కాని దాని త్రోవలో లాకు లేదు. ఇది చదువదగినదని చెప్పి చేతికిచ్చు మనుష్యుడును లేడు. తరగతి గదియు గ్రంథాలయమును ఆ లాకు కావలె ననునదే మేము చెప్పదలచిన మాట.

దీనికి మన పట్టణములోనే దృష్టాంతము కలదు. 2020 డిసెంబరు మొదటి వారమున దక్షిణపు వీధి, కొత్తపేట మొదలగు చోట్ల జనులు ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి, తలతిరిగి పడిపోవుచు ప్రభుత్వాసుపత్రికి తేబడిరి. కొలది దినములలో రోగుల సంఖ్య 600 దాటెను, ఒకరు మరణించిరి. తక్కినవారిలో చాలమంది త్వరగానే కోలుకొనిరి. కరోనా భయము తీఱని కాలమది. నీటిలో క్లోరిను హెచ్చినదని కొందఱు, గాలియే విషమైనదని కొందఱు, తలకొక విధముగా చెప్పుకొనిరి. మా ఫోనులకు వచ్చిన సందేశములకు లెక్క లేదు. వానిలో పెక్కింటికి వ్రాసినవారి పేరు లేదు, తేదియు లేదు. ఇంతలో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులును, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మొదలగువాని శాస్త్రజ్ఞులును రక్తమును, నీటిని, ఆహారపదార్థములను పరీక్షించిరి. మొదట రోగుల రక్తములో సీసము, నికెలు కనబడినవని తెలిసెను. ఆ నెల మధ్యకు పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణమని నిపుణులు ప్రభుత్వమునకు నివేదించిరి. అవి దేహములోనికి ఏ త్రోవను చేరెనో ఇంకను పరిశీలింపవలెననియు చెప్పిరి.

ఈ ఉదంతమును మేము తొమ్మిదవ తరగతిలో పాఠముగా చేసితిమి. విద్యార్థులు కాగితముపై నాలుగు గడులు గీసిరి. ఈ మాట ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? కన్నదా, విన్నదా? తరువాత మాఱినదా? నాటి వార్తాపత్రికల ప్రతులను, ఇండ్లలోని ఫోనులలో మిగిలిన సందేశములను చూచి ఆ గడులను నింపిరి. సందేశములకు సంబంధించిన గడులు చాలవఱకు ఖాళీగానే మిగిలెను. మఱియొక సంగతియు వారికి తెలిసెను. వైద్యులు చెప్పినదియు దినదినమునకు మాఱినది; కాని మాఱుటకు కారణమును వారు చెప్పిరి. “ఇంకను తెలియలేదు” అని చెప్పుట కూడ సత్యము చెప్పుటయే యని ఒక బాలిక తన కాగితము అడుగున వ్రాసెను. మేము సంవత్సరమంతయు బోధించినను అంతకంటె మేలైన వాక్యమును వ్రాయించియుండలేము.

ఫార్వర్డు సందేశమును గుర్తించు ఉపాయమును కూడ వారికి చూపితిమి. ఒకరినుండి ఒకరికి పంపబడిన సందేశముపై వాట్సాప్ ఒక బాణపు గుర్తు నుంచును. అయిదు చేతులైనను మాఱివచ్చినదానిపై రెండు బాణములుండును. పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతులవలన నిరపరాధులు కొట్టి చంపబడిన పిమ్మట, 2018లో మన దేశమున ఒక సందేశమును ఒకమాఱు అయిదు చోట్లకు మాత్రమే పంపునట్లు ఆ కంపెనీ కట్టడి చేసెను. 2020 ఏప్రిలులో రెండు బాణములు గల సందేశమును ఒకమాఱు ఒక్క చోటికే పంపవచ్చునని నిర్ణయించెను. అనగా యంత్రము చేసినవారికే లాకు అవసరమని తోచినది. రెండు బాణములు కనబడినచో అది అబద్ధమని కాదు. ఆగి చూడుమని అర్థము.

ఇతరులకు చెప్పు నీతి మాకును వర్తించునని మేము నేర్చుకొనిన విధమును దాచక చెప్పవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక యూనిట్ పరీక్ష పిమ్మట, తల్లిదండ్రులకు సౌకర్యముగా నుండునని, తరగతి మార్కుల జాబితా నంతయు గ్రూపులో పెట్టితిమి. అందఱికంటె తక్కువ మార్కులు వచ్చిన బాలుడు కొల్లేటి లంక గ్రామమువాడు. తండ్రి చేపల చెఱువుపై కాపలా పని చేయును. ఎవరో ఆ జాబితాకు స్క్రీన్‌షాటు తీసి, అతని పేరు చుట్టు ఎఱ్ఱగీత గీసి, పరిహాసపు బొమ్మ నొకటి చేర్చిరి. రాత్రికి అది ఇతర తరగతులకును, అతని ఊరికిని చేరెను. బాలుడు బడికి వచ్చుట మానెను. తొమ్మిదవ దినమున మేము వారి యింటికి పోయితిమి. తండ్రి కోపపడలేదు. “మార్కులు మాకు చెప్తే సరిపోయేది గదండీ, ఊరందరికీ ఎందుకండీ?” అని మాత్ర మడిగెను. మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. బొమ్మను చేసినవాడెవడో విచారింపవలెనని మొదట తలంచితిమి. కాని ఆ జాబితాను కాలువలోనికి వదలినది మేమే గదా! అతని యెదుటను, తరగతి యెదుటను మా తప్పు నొప్పుకొంటిమి. మఱునాడు బాలుడు వచ్చెను.

“పెదవి దాటిన పృథివి దాటును” అని మనవారి సామెత. ఇప్పుడు పెదవి దాటనక్కఱలేదు, వ్రేలు తాకిన చాలును. ఆ దినమునుండి మేము పాటించు నియమములు ఇవి. గ్రూపులో మార్కులు, గైరుహాజరు, ఫీజు బాకీ మొదలగు ఒక్కొక్కరికి సంబంధించిన సంగతులను పెట్టము. వానిని ఆ యింటివారికే చెప్పుదుము. విద్యార్థుల ఛాయాచిత్రములను, ముఖ్యముగా బాలికలవి, తల్లిదండ్రుల అనుమతి లేక పంపము. రాత్రి 8 గంటల తరువాత గ్రూపులో ఏమియు వ్రాయము. ఏ విద్యార్థితోను ఏ ఉపాధ్యాయుడును విడిగా సందేశములు నడపడు. అవసరమైనచో తల్లిదండ్రులును చేరిన గ్రూపులోనే మాటలాడును. ఫోనులో పంపిన ఇంటిపనిని నల్లబల్లపైనను వ్రాయుదుము. ఏలయన మా విద్యార్థులలో అనేకుల యిండ్లలో ఫోను ఒక్కటియే. తండ్రి చెఱువుగట్టునకు పోయినప్పుడు అదియు ఆయనతోనే పోవును. ఫోను లేని బాలునికి చదువు తగ్గకూడదు.

ఇక గ్రంథాలయము మాట. అచ్చట కంప్యూటరు ఒకటి యున్నను చాలును. ప్రక్కన ఒక ఉపాధ్యాయుడు కూర్చుండుటయే ముఖ్యము. గత శీతకాలమున ఒక విద్యార్థి కొల్లేటిదని వ్రాసియున్న పక్షుల చిత్రమును గ్రూపులో పంపెను. ఎంతో సుందరమైన చిత్రము, పలువురు మెచ్చుకొనిరి. గ్రంథాలయపు గంటలో దానిని పెద్దదిగా చేసి చూపగా, పైని చెప్పిన లంక గ్రామపు బాలుడే లేచి, “ఇది మా కొల్లేరు కాదండీ. నీళ్ళ అంచున కొండలున్నాయి. మాకు కొండలెక్కడివి?” అనెను. వెదకి చూడగా ఆ చిత్రము వేఱొక దేశమునుండి వచ్చినదే. ఆ దినమున తరగతి నేర్చుకొనినది రెండు సంగతులు: చిత్రమును ప్రశ్నింపవలెను, చూచినవాని మాటకు విలువ ఇయ్యవలెను.

అటుపిమ్మట విద్యార్థులే తమ కొల్లేటిని వ్రాయుటకు పూనుకొనిరి. కైకలూరు సమీపమున ఆటపాక పక్షికేంద్రమునకు పోయి, గూడబాతులను చూచి, దినము, వేళ, చోటు గుర్తించి, ఎన్ని కనబడెనో లెక్కవేసి వ్రాసికొనిరి. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు కొల్లేట చేరుటయు, ఉప్పుటేరు మార్గమున ఆ నీరు సముద్రమును చేరుటయు, 1999లో సరస్సు అభయారణ్యముగా ప్రకటింపబడుటయు, 2002లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాలో చేరుటయు పుస్తకములలో చూచి సరిపోల్చుకొనిరి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరైనను వ్రాయవచ్చును; కాని వ్రాసిన మాటకు ఆధారము చూపుమని ఇతరులు అడుగుదురు. ఆధారము లేనిదానిని తొలగించుటయు కలదు. అందుచేత మా పిల్లలకు అది మంచి వ్యాయామశాలయైనది. తమ గ్రామమును గూర్చి ఒక వాక్యము చేర్చుటకు వారు మూడు పుస్తకములు వెదకుట మేము కన్నులార చూచితిమి.

తల్లిదండ్రులు వయస్సును గూర్చియు అడుగుచున్నారు. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాములు తమ నియమముల ప్రకారము 13 ఏండ్లు నిండనివారికి ఖాతా ఇయ్యరాదు. ఆస్ట్రేలియా దేశము 2024లో చట్టము చేసి, 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లు నిండనివారికి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వంటివానిలో ఖాతాలుండకుండ చేసెను. మన దేశమున 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని పిల్లలుగా నెంచుచున్నది. వారి సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల అనుమతి యుండవలెననియు, వారి నడతను వెంబడించుటయు వారిని గుఱిపెట్టి ప్రకటనలు చూపుటయు కూడదనియు అందు గలదు. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడినవి. చట్టములు మంచివే. కాని తప్పుడు పుట్టినతేదీని వ్రాసి ఖాతా తెఱచు బాలుని ప్రక్కన చట్టము కూర్చుండదు. తల్లి కూర్చుండవచ్చును, తండ్రి కూర్చుండవచ్చును, ఉపాధ్యాయుడు కూర్చుండవచ్చును.

కావున తల్లిదండ్రులారా, మా ప్రత్యుత్తర మిది. ఫోనును ఇచ్చి తలుపు మూయకుడు; నలుగురు తిరుగు గదిలో, వేళ నిర్ణయించి ఇండు. పిల్లవాడు తప్పు చేసినప్పుడు మీతో చెప్పుకొనగల చనువు నుంచుడు. ఫోనును లాగికొందురను భయమున్నచో అతడు తన కష్టమును దాచును. భోజనవేళ మీ ఫోనును సయితము ప్రక్కన పెట్టుడు.

విద్యార్థులారా, మీ చేతికి వచ్చిన ప్రతి మాటయు ఒక పడవ యనుకొనుడు. దానిని పంపకమునుపు నాలుగు గడులను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆ పడవలో ఎవరి పేరైన నున్నచో, ఆ పేరు గలవాడు రేపు బడికి రాగలడా యని ఒక్క క్షణము ఆలోచింపుడు. మా తరగతిలో మూడవ బల్లపై తొమ్మిది దినములు ఖాళీగా నుండిన చోటును మేము నేటికిని మఱవలేదు.