4.3 వాన నీటి గొట్టాలు: సంరక్షణ, మరమ్మతు

డాబా మీద పడిన వాన నీటిని నేలకు దించేవి గోడ వెంట అమర్చిన గొట్టాలు. అవి పూడుకుపోతే ఏమవుతుందో ఒక లెక్కతో చూద్దాం. 1 చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన కురిస్తే 1 లీటరు నీరు చేరుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల ఎత్తున నీరు నిలిస్తే 5,000 లీటర్లు, అంటే 5 టన్నుల బరువు. ఆ నీరు స్లాబులోకి ఇంకితే లోపలి ఇనుప కడ్డీలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, కాంక్రీటు పెచ్చులూడుతుంది.

కాబట్టి తొలకరికి ముందే ఈ పనులు చేయండి.

1. డాబా మీద గొట్టం మొదలయ్యే చోట ఆకులు, మట్టి తీసి జాలీ బిగించండి.

2. ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి. కింద ధారగా రాకపోతే లోపల అడ్డు ఉన్నట్టే. అది సాధారణంగా వంపు దగ్గర ఉంటుంది. పైనుంచి కర్రతో పొడిస్తే చెత్త మరింత బిగుసుకుంటుంది, కిందినుంచి లాగండి.

3. గోడ మీద చెమ్మ మరక కనిపిస్తే దాని పైనున్న అతుకును పరిశీలించండి. పై గొట్టం చివర కింది గొట్టం సాకెట్‌లోకి దిగి ఉండాలి. తిరగేసి బిగిస్తే నీరు అతుకులోంచి గోడ మీదికి కారుతుంది.

4. ఎండకు పెళుసెక్కి పగిలిన పీవీసీ భాగాన్ని కోసి తీసేయండి. క్లాంపులు వదులు చేసి, కొత్త ముక్కను కప్లర్లతో కలపండి. అంచులు తుడిచి, ఆరాకే సాల్వెంట్ సిమెంటు పూయండి. తడి మీద అది సరిగా పట్టదు.

జాగ్రత్త: పిట్టగోడ మీదినుంచి వంగి పని చేయవద్దు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

80 చదరపు మీటర్ల డాబా మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొట్టాల ద్వారా ఎన్ని లీటర్ల నీరు దిగాలి?

జవాబు: 2,000 లీటర్లు.