విమానానికీ ఓ డూపు!

హీరోకి డూపుంటాడని సినిమా చూసే ప్రతివాడికీ తెలుసు. మరి విమానానికి కూడా డూపుంటుందంటే నమ్ముతారా? నమ్మాలి!

1986 మే నెలలో విడుదలైన హాలీవుడ్ చిత్రం 'టాప్ గన్'. దర్శకుడు టోనీ స్కాట్. కథానాయకుడు టామ్ క్రూజ్ అని పోస్టర్ల మీద ఉంటుంది గాని, నన్నడిగితే అసలు హీరో ఎఫ్-14 టామ్‌క్యాట్! అమెరికా నౌకాదళం కోసం గ్రమ్మన్ కంపెనీ తయారుచేసిన ఈ యుద్ధ విమానం 1970 డిసెంబరులో తొలిసారి గాల్లోకి లేచింది. నెమ్మదిగా పోయేటప్పుడు రెక్కలు బార్లా చాపుతుంది. వేగం పుంజుకుంటే డేగలా వెనక్కి ముడుస్తుంది.

ఈ సినిమా వచ్చేనాటికి నేనింకా పుట్టలేదు. తర్వాతెప్పుడో వీడియోలో చూసిన బాపతు. ఆ రెక్కల మోజుతోనే ఈమధ్య దాని ప్లాస్టిక్ కిట్ ఒకటి తెచ్చుకున్నాను. డబ్బా విప్పితే కనిపించేది విమానం కాదండోయ్... ప్లాస్టిక్ చట్రాలకు అంటుకున్న ముక్కలు! ఒక్కొక్కటీ తుంచి, అంచులు అరగదీసి, అతికించుకోవాలి. ఆ జిగురు ప్లాస్టిక్‌నే కాస్త కరిగించి రెండు ముక్కల్నీ ఏకం చేస్తుంది. నాది 1/72 స్కేలు, అంటే అసలులో 72వ వంతు. 19 మీటర్ల విమానం 26 సెంటీమీటర్లకు దిగిందన్నమాట! రెక్కల మొదట్లో చిన్న పళ్ళున్నాయి. ఒక రెక్కను తోస్తే రెండోదీ కదులుతుంది.

ఇక డూపు సంగతి. సినిమాలో శత్రువులు నడిపే 'మిగ్-28' అనేది లోకంలోనే లేదు. అమెరికా వాళ్ళ ఎఫ్-5కే నల్లరంగు పూసి విలన్ వేషం వేయించారు. ఎగిరే దృశ్యాలు చాలావరకు నిజమైనవే. పేలిపోయే విమానాలు మాత్రం బొమ్మలు! మన 'మాయాబజార్' (1957)లో ద్వారక బొమ్మ నగరమైనట్టే. బొమ్మ కాలిపోతే ఇంకోటి చేసుకోవచ్చు.

మనిషి పోతే?

ఆర్ట్ షోల్ అని గాలి విన్యాసాల్లో ఆరితేరిన పైలట్. విమానం బొంగరంలా గిరగిరా తిరుగుతూ పడిపోయే దృశ్యం కోసం, 1985 సెప్టెంబరు 16న కెమెరా బిగించిన చిన్న విమానంలో కాలిఫోర్నియా తీరాన ఎగిరాడు. ఆ తిరుగుడులోంచి విమానం బయటపడలేదు. పసిఫిక్ మహాసముద్రంలో కూలింది. ఆయనా దొరకలేదు, విమానమూ దొరకలేదు.

టామ్‌క్యాట్‌కి అమెరికా 2006లో సెలవిచ్చింది. కొన్ని మ్యూజియాలకు చేరాయి. విడిభాగాలు ఇరాన్ చేతికి చిక్కకూడదని చాలావాటిని తుక్కు చేశారు. 2022లో విడుదలైన 'టాప్ గన్: మావెరిక్' తీసినప్పుడు మ్యూజియం నుంచి ఎగరని టామ్‌క్యాట్‌ని తెచ్చి నేలమీద నటింపజేశారు. గాల్లో విన్యాసాలు కంప్యూటర్ మాయ.

కంప్యూటర్ వచ్చాక మజా పోయిందని గొణిగేవాళ్ళున్నారు. నేను మాత్రం ఆ మాట అనలేను. డూపు బొమ్మయితేనేం, కంప్యూటరయితేనేం? షూటింగ్ అయ్యాక మనిషి ఇంటికి చేరాలి కదా!

ఈసారి 'టాప్ గన్' చూస్తే, సినిమా అయిపోయిందని వెంటనే లేచిపోకండి. ఆర్ట్ షోల్‌కి అంకితం అన్న అక్షరాలు పడేదాకా కూర్చోండి.