రెక్కల తలుపుల కారు

అందమైన వస్తువును చూచినపుడు ఆ అందము కేవలము అలంకారము కొరకు కల్పింపబడినదని మనము సాధారణముగా తలంతుము. గుడి స్తంభముపై లతను చెక్కిన శిల్పికి, ఆ లత లేకున్నను స్తంభము నిలుచునని తెలియును. కాని కొన్ని వస్తువులయందు అందమును అవసరమును వేరు చేయుట కష్టము. పడవ ముందుభాగము సన్నగా నుండుట చూపులకు బాగుండుటకా, నీటిని సులభముగా చీల్చుటకా? కుండ గుండ్రముగా నుండుట సొంపునకా, సారె తిరుగుటవలన కలిగిన ఫలమా? యంత్రములలో ఇట్టి ప్రశ్నకు చక్కని ఉదాహరణము ఒకటి కలదు. అది 1954లో జర్మనీ దేశపు మెర్సిడెస్-బెంజ్ సంస్థ వెలువరించిన '300 ఎస్ఎల్' అను స్పోర్ట్సు కారు.

దాని బొమ్మను ఒకసారి చూచినవారు మరచిపోరు. ఇతర కార్ల తలుపులు పక్కకు తెరచుకొనును. దీని తలుపులు పైకి లేచును. రెండును లేచినపుడు ఎగురబోవు పక్షివలె కనిపించును. అందుచేతనే ఇంగ్లీషువారు దీనిని గల్ అను సముద్రపక్షి రెక్కలతోను, ఫ్రెంచివారు సీతాకోకచిలుకతోను పోల్చి పేరు పెట్టిరి. ఈ తలుపులను ఎవరో చిత్రకారుడు ముచ్చటపడి గీసినాడని అనుకొందురు. నిజమునకు అవి ఒక చిక్కు లెక్కకు ఇంజనీర్లు కనిపెట్టిన జవాబు. ఆ లెక్క ఎట్టిదో, దాని జవాబునుండి కారులోని ఇతర వివరములు ఎట్లు పుట్టినవో ఇచట చూతము.

చిక్కు ఎక్కడ మొదలైనది?

1951లో ఈ సంస్థ మరల పందెపు కార్లను తయారు చేయ సంకల్పించెను. క్రొత్త ఇంజనును నిర్మించుటకు వ్యవధి లేకుండెను. చేతనున్నది '300' అను పెద్ద కారు ఇంజను. ఆరు సిలిండర్లు, మూడు లీటర్ల పరిమాణము, 115 అశ్వశక్తి. దానిని సవరించి సుమారు 170 అశ్వశక్తివరకు పెంచగలిగిరి. ప్రత్యర్థులలో కొందరి ఇంజనుల శక్తి ఇంతకంటె ఎక్కువ. ఇంజనుతో గెలువలేనిచో దేనితో గెలువవలెను?

ప్రధాన ఇంజనీరగు రుడోల్ఫ్ ఊలెన్‌హౌట్ ఈ ప్రశ్నను భౌతికశాస్త్ర విద్యార్థివలె ఆలోచించెను. ఒక వస్తువును త్వరితముగా వేగమునకు తెచ్చుటకు కావలసిన బలము దాని ద్రవ్యరాశిని బట్టి యుండును. కనుక కారు తేలికగా నుండవలెను. ఇక వేగము హెచ్చినకొలది గాలి నిరోధము వేగవర్గమునకు అనుపాతముగా పెరుగును. వేగము రెండింతలైన నిరోధము నాలుగింతలగును. ఆ నిరోధమును జయించుటకు కావలసిన శక్తి ఎనిమిదింతలగును. కనుక కారు గాలిని మెత్తగా చీల్చునట్లు పొట్టిగాను నునుపుగాను ఉండవలెను. తేలికదనము, నునుపుదనము - ఈ రెండే ఆ కారునకు మూలసూత్రములు. పేరులోని 'ఎల్' అను అక్షరము సైతము తేలిక అను అర్థము గల జర్మను మాటకు సంకేతము.

త్రిభుజముల గూడు

తేలికగా నుండుట సులభమే. తేలికగానుండి బలముగా నుండుట కష్టము. నాలుగు వెదురుబద్దలను మూలలయందు మేకులతో బిగించి ఒక చతురస్రము చేసి, ఒక మూలను నెట్టి చూడుడు. అది సులభముగా వాలిపోవును. మూడు బద్దలతో త్రిభుజమును చేసి నెట్టుడు. బద్ద విరుగవలెనే కాని త్రిభుజము రూపు మారదు. భుజముల పొడవులు మారనంతవరకు త్రిభుజ కోణములు మారవని రేఖాగణితము చెప్పును. నదులపై కట్టిన రైలు వంతెనల పక్కలయందు ఇనుప కమ్ములు త్రిభుజములుగా నుండుటకు ఇదియే కారణము.

ఊలెన్‌హౌట్ ఈ సూత్రమునే అనుసరించెను. సన్నని ఉక్కు గొట్టములను త్రిభుజములుగా అతికి, కారంతటికి సాలెగూడువంటి చట్రమును కట్టెను. ఇందు ప్రతి గొట్టమును లాగబడుటయో, నొక్కబడుటయో కాని వంపబడుట తక్కువ. ఒక పుల్లను వంచి విరుచుట తేలిక. నిలువున లాగి తెంచుట కష్టము గదా! అందుచేత సన్నని గొట్టములే చాలినవి. పందెపు కారు చట్రము బరువు 50 కిలోగ్రాముల చుట్టుపట్లనే యుండెను. పెద్దవాడొకని బరువుకంటె అది ఎక్కువ కాదు!

తలుపులు పైకేల తెరచుకొనును?

ఇట్టి గూటికి ఒక లోపము కలదు. గూడు బలము త్రిభుజములు తెగకుండుటలో నున్నది. కారు నడుమభాగము బలముగా నుండవలెనన్న, పక్కలయందు కూడ గొట్టములు ఎత్తుగా సాగవలెను. అపుడు తలుపునకు చోటెక్కడ? మామూలు తలుపు కొరకు గొట్టములను కోసినచో త్రిభుజములు తెగి చట్రము బలహీనమగును. కోయకున్నచో మనిషి లోనికి పోలేడు.

పందెముల నిబంధనలలో కారునకు తలుపులుండవలెనని యున్నది కాని అవి ఏ వైపునకు తెరచుకొనవలెనో లేదు. కనుక కీలును పైకప్పు నడుమ పెట్టి, తలుపును పైకి లేపిరి. మొదట అవి కిటికీ అడుగుతో ముగియు చిన్న మూతలవలె నుండెను. ఆ సంవత్సరమే పక్కరేకులోనికి కొంత దిగునట్లు పెంచిరి. ఈ విధముగా చట్రమునకు హాని కలుగలేదు. మనిషికి దారి దొరకినది. రెక్కల కథ ఇంతియే!

ఆ కార్లు 1952 జూనులో ఫ్రాన్సులోని లెమాన్ 24 గంటల పందెమున మొదటి రెండు స్థానములు పొందెను. నవంబరులో మెక్సికో దేశపు దూరపు పందెమునందును అట్లే జరిగెను. ఆ పందెమున ఒక వింత జరిగినది. కార్ల్ క్లింగ్ సుమారు గంటకు 200 కిలోమీటర్ల వేగమున నడుపుచుండగా ఒక రాబందు ముందు అద్దమును పగులగొట్టుకొని లోనికి వచ్చి పడెను. పక్కనున్న హాన్స్ క్లెంక్ గాయపడెను. అయినను వారు ఆగక సాగి, తరువాత క్రొత్త అద్దము పెట్టించుకొని, దాని ముందు ఎనిమిది నిలువు కమ్ములు బిగించి, పందెము గెలిచిరి. వాని బొమ్మలలో కనిపించు ఆ కమ్ములు కూడ అలంకారము కావు!

న్యూయార్కులో కార్ల వ్యాపారియగు మాక్స్ హాఫ్‌మన్ ఇట్టి కారును ప్రజలకు అమ్మవలెనని సంస్థను ఒప్పించెను. 1954 ఫిబ్రవరిలో న్యూయార్కు ప్రదర్శనమున దానిని చూపిరి. 1957వరకు 1,400 కార్లు తయారైనవి.

పక్కకు ఒరిగిన ఇంజను

కారు పొట్టిగా నుండవలెనన్న ముందుభాగపు మూత దిగువగా నుండవలెను. కాని ఆరు సిలిండర్లు వరుసగా నిలిచిన ఇంజను ఎత్తుగా నుండును. కనుక దానిని నిలువునుండి 50 డిగ్రీలు పక్కకు ఒరిగించిరి. ఇందలి లాభమును త్రికోణమితి తెలిసిన విద్యార్థి లెక్కింపగలడు. 100 సెంటీమీటర్ల కర్రను నిలువునుండి 50 డిగ్రీలు ఒరిగించినచో దాని కొన ఎత్తు 100ను 50 డిగ్రీల కోసైనుచే గుణించిన వచ్చును; అనగా సుమారు 64 సెంటీమీటర్లు. ఇంజనునకు మందము కూడ ఉండుటచేత లాభము పూర్తిగా ఇంత రాదు. అయినను మార్గమిదే.

ఇంకొక ఉపాయము కూడ చేసిరి. సామాన్యముగా కందెన నూనె ఇంజను అడుగున తొట్టిలో నిలువయుండును. ఇచట ఆ నూనెను పంపుతో తోడి వేరొక తొట్టిలో నుంచిరి. అడుగు తొట్టి లోతు తగ్గుటచేత ఇంజను ఇంకను క్రిందికి దిగెను. గురుత్వకేంద్రము దిగిన వాహనము మలుపులయందు నిలుకడగా నుండునని వేరుగ చెప్పనక్కరలేదు.

పిచికారివంటి పంపు

ఆ కాలపు కార్లలో పెట్రోలును గాలితో కలుపు పని కార్బ్యురేటరు చేయుచుండెను. దోమల మందు చల్లు పంపులో గాలి సన్నని దారిలో వేగముగా పోవునపుడు మందును పైకి లాగి తుంపరలుగా చేయును గదా! కార్బ్యురేటరు పని అట్టిదే. కాని ఆ సన్నని దారి గాలికి అడ్డు. అదియుగాక అన్ని సిలిండర్లకు పెట్రోలు సమముగా చేరదు.

300 ఎస్ఎల్ నందు బాష్ సంస్థ పంపును అమర్చిరి. ఇందు సిలిండరునకు ఒకటి చొప్పున ఆరు చిన్న పిస్టనులు కలవు. ఒక్కొక్కటి పండుగనాటి పిచికారివలె కొలిచిన పెట్రోలును నేరుగా సిలిండరులోనికే చిమ్మును. సన్నని దారి అవసరము లేదు. గాలి ధారాళముగా ప్రవేశించును. లోపలనే ఆవిరియగు పెట్రోలు గాలిని కొంత చల్లబరచును. శక్తి 215 అశ్వశక్తికి పెరిగెను. వెనుక ఇరుసులోని పళ్లచక్రముల నిష్పత్తిని బట్టి గరిష్ఠవేగము గంటకు 235 మొదలు 260 కిలోమీటర్లవరకు ఉండెను. విమానపు ఇంజనులలో ముందే వాడిన ఈ పద్ధతిని, నాలుగు ఘాతముల ఇంజను గల అమ్మకపు కారులో మొదట వాడినది ఇందే.

దీనిలోను ఒక లోటు కలదు. నిప్పురవ్వను ఆపినను, ఇంజను పూర్తిగా నిలుచువరకు పంపు పెట్రోలును చిమ్ముచునే యుండును. మండని ఆ పెట్రోలు సిలిండరు గోడలపై నూనెను కడిగి తొట్టిలో కలియును. అందుచేత నూనెను తరచుగా మార్చవలసివచ్చెను.

చిన్న చిన్న వివరములు

ఒక నిర్ణయమునుండి ఇతర నిర్ణయములు ఎట్లు పుట్టునో ఇపుడు చూడుడు. గడప ఎత్తుగాను వెడల్పుగాను ఉన్నది. దానిని దాటి కూర్చుండునపుడు మోకాళ్లు స్టీరింగు చక్రమునకు తగులును. కనుక ఆ చక్రము మొదలుకడ మడుచుకొనునట్లు చేసిరి. తలుపు పొట్టిగా నుండుటచే అద్దము క్రిందికి దిగుటకు లోపల చోటు లేదు. కనుక కిటికీ అద్దమును ఊడదీసి సీటు వెనుక పెట్టుకొనవలెను. అద్దములు మూసిన లోపల ఉక్కపోత. కనుక వెనుక అద్దముపై కప్పు చివర గాలి పోవు సందులు కలవు. ముందు చక్రముల వెనుక చేప మొప్పలవలె కనిపించు సందులు ఇంజను వేడిగాలి బయటికి పోవుటకు. తలుపు పిడి గాలికి అడ్డురాకుండ రేకులో కలిసియుండును. ఒక కొనను నొక్కిన రెండవ కొన బయటికి వచ్చును. వెనుక పెట్టెను 130 లీటర్ల పెట్రోలు తొట్టియు, అదనపు చక్రమును ఆక్రమించుటచేత సామాను సీట్ల వెనుక పెట్టుకొనవలెను.

ముందు మూతపై నిలువుగా రెండు ఉబ్బులు కలవు. ఒరిగిన ఇంజనునకు చోటు కొరకు కావలసినది ఒక్కటే. రెండవది సౌష్ఠవము కొరకు. ఇన్ని అవసరముల నడుమ ఇది ఒక్కటి అచ్చమైన అలంకారము! ముఖమునకు ఒక కన్నే యున్న బాగుండదని కాబోలు చేసిరి.

అందము వెనుక ప్రమాదము

శాస్త్రదృష్టి గలవారు గుణములతోపాటు దోషములను చెప్పవలెను. ఈ కారు వెనుక ఇరుసు ఒకే కడ్డీ కాదు. నడుమ కీలు గల రెండు సగములు. చక్రము తన సగమునకు లంబముగా బిగింపబడినది. కనుక చక్రము పైకి క్రిందికి కదలినపుడు వాలును కూడ. మలుపులో వేగముగా పోవుచు నడుపువాడు భయపడి హఠాత్తుగా ఆక్సిలరేటరుపై కాలు తీసినచో బరువు ముందునకు మరలును. వెనుకభాగము పైకి లేచును. అపుడు ఇరుసు సగములు క్రిందికి వాలి, చక్రములు లోపలికి మడుచుకొన్నట్లగును. టైరు నేలను పట్టు భాగము తగ్గి, కారు వెనుకభాగము పక్కకు జారును. భయముతో చేయు సహజమైన పనియే ప్రమాదమునకు కారణమగుట ఇందలి విషాదము. నేర్పరులగు పందెగాండ్రకు లొంగిన కారు సామాన్యునకు లొంగకపోవచ్చును.

మరియొకటి. కారు తలక్రిందులైనచో కప్పుకు కీలుగల తలుపులు తెరచుకొనవు. పందెము గెలిపించిన ఉపాయమే ఆపత్కాలమున దారిని మూసివేయును.

సంస్థ ఈ దోషములను కొంతవరకు దిద్దెను. 1957లో వెలువడిన పైకప్పు మడుచు రకమున, ఇరుసు సగముల కీలును దిగువకు దించి, చక్రముల వాలును తగ్గించిరి. చట్రమును పక్కలయందు పొట్టిచేసి, ఆ లోటును వేరుచోట్ల గొట్టములతో పూరించి, మామూలు తలుపులు పెట్టిరి. రెక్కలు పోయినవి, ఎక్కుట దిగుట సులభమైనది. 1961లో నాలుగు చక్రములకు డిస్కు బ్రేకులు వచ్చెను. చాల కాలమునకు, 2010లో ఇదే సంస్థ రెక్కల తలుపులతో మరల ఒక కారును అమ్మినపుడు, అది బోర్లపడినచో కీలు మరలు చిన్న ప్రేలుడుతో ఊడి తలుపులు విడిపోవు ఏర్పాటు చేసినది. 1954లో అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు దొరకుటకు అర్ధశతాబ్దము మించి పట్టినది.

మనము నేర్చుకొనదగినది

ఈ కారును బొమ్మలోనో ప్రదర్శనశాలలోనో చూచినపుడు 'ఎంత బాగున్నది!' అనుకొని ఊరకుండరాదు. 'ఇది ఇట్లేల ఉన్నది?' అని ప్రతి భాగమును అడుగవలెను. త్రిభుజము గట్టిదగుటచే గడప ఎత్తయినది. గడప ఎత్తగుటచే తలుపు పైకి లేచినది. తలుపు పొట్టియగుటచే అద్దము దిగలేదు. అద్దము దిగకుండుటచే కప్పునకు సందులు పెట్టవలసివచ్చినది. ఒక దారపు కొన దొరకిన కండె అంతయు విడివడినట్లు, ఒక్క 'ఏల' అను ప్రశ్నతో యంత్రము తన రహస్యములన్నియు చెప్పును.

ఉపాధ్యాయులు తరగతిలో వెదురుబద్దల ప్రయోగము చేయించి, తరువాత విద్యార్థులను సైకిలు వద్దకు తీసికొనిపోవుదురు గాక. దాని చట్రములో త్రిభుజమెక్కడ నున్నదో, అదేల అట్లున్నదో అడుగుదురు గాక. రెక్కల కారును ఎన్నడును చూడని బాలుడు సైతము, దానిని నిర్మించిన ఇంజనీరు ఆలోచనను తన సైకిలునందే కనుగొనగలడు.