పదకొండో నంబరు ఎగరేస్తే ప్రళయమేనా?

బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిందంటే చాలు, టీవీ తెర కింద అంకెలు పరుగులు పెడతాయి. వాతావరణ పదాలెన్నో బడిలో నేర్పుతారు, కానీ వాటిని మనం అర్థం చేసుకునే తీరే వేరుగా ఉంటుంది.

అపోహ: ఓడరేవులో హెచ్చరిక నంబరు ఎంత పెద్దదైతే తుఫాను అంత బలమైనది.

వాస్తవం: ఇది సగమే నిజం. మన ఓడరేవుల్లో 1 నుంచి 11 దాకా నంబర్లున్నాయి. 1, 2 దూరాన సముద్రంలో ఉన్న ముప్పుకు, 3, 4 రేవుకే ఎదురయ్యే ముప్పుకు. అసలు తిరకాసు 5, 6, 7 దగ్గరుంది. ఈ మూడింటిలో తేడా బలంలో కాదు, దారిలో. తుఫాను వచ్చే దారికి రేవు ఎడమన ఉంటే 5, కుడిన ఉంటే 6, రేవు మీదుగానో ఆ పక్కనుంచో దాటేట్టుంటే 7. తీవ్ర తుఫానైతే ఇదే వరసలో 8, 9, 10. ఇక 11కు అర్థం వేరు: వాతావరణ కేంద్రంతో సమాచార సంబంధాలు తెగిపోయాయి, ముప్పు ఉందని స్థానిక అధికారి భావిస్తున్నాడు అని.

కుడి, ఎడమల గొడవ ఎందుకంటారా? మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. అందువల్ల మన తూర్పు తీరంలో తుఫాను దారికి కుడివైపున గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది, ఎడమవైపున ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంది. 1977 నవంబరు 19న తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. ఉప్పెన ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది మాత్రం దానికి కుడివైపున, ఈశాన్యంగా ఉన్న దివిసీమలో. కాబట్టి ‘తీరం దాటేది మా ఊళ్లో కాదుగా’ అన్న ధీమా పనికిరాదు.

అపోహ: గాలి ఆగిందంటే తుఫాను వెళ్లిపోయినట్టే.

వాస్తవం: తుఫాను కన్ను, అంటే దాని నడిమి భాగం, మీ నెత్తిమీద ఉండొచ్చు. అక్కడ గాలి మందగిస్తుంది, ఒక్కోసారి ఆకాశమూ తేటపడుతుంది. కన్ను దాటగానే అంతే బలంగా, ఈసారి ఎదురు దిక్కు నుంచి గాలి కొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కన్ను విశాఖ మీదుగానే దాటింది. అధికారులు చెప్పేదాకా బయటికి రాకూడదనేది అందుకే.

అపోహ: రోహిణి కార్తెలో సూర్యుడు భూమికి దగ్గరగా వస్తాడు.

వాస్తవం: భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, మనం దుప్పటి కప్పుకునే రోజుల్లో. ఎండాకాలానికి కారణం భూమి అక్షం వంపు.

అపోహ: మా కారులో 47 డిగ్రీలు చూపిస్తుంటే వార్తల్లో 43 అంటారు, తగ్గించి చెబుతున్నారు.

వాస్తవం: వాతావరణ శాఖ కొలిచేది గాలి వేడిని, ఎండలో కాగిన రేకు వేడిని కాదు. థర్మామీటరు ఉండేది నేలకు మీటరు పైచిలుకు ఎత్తున, గాలాడే తెల్లటి చెక్కపెట్టెలో. ఆ పెట్టెను రూపొందించిన థామస్ స్టీవెన్సన్, ‘ట్రెజర్ ఐలాండ్’ నవల రాసిన స్టీవెన్సన్‌కు తండ్రి.

అపోహ: తేమ నూరు శాతం అంటే వాన పడుతున్నట్టు.

వాస్తవం: ఆ వేడిలో గాలి పట్టగలిగినంత ఆవిరి పట్టేసిందని మాత్రమే. పొగమంచు పట్టిన తెల్లవారుజామున చినుకైనా పడకుండానే నూరు చేరుతుంది.

అపోహ: మిల్లీమీటర్లలో కొలిచే వాన ఏపాటిది!

వాస్తవం: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. వంద చదరపు మీటర్ల డాబా మీద 70 మిల్లీమీటర్లు కురిస్తే ఏడు వేల లీటర్లు! పైగా రోజు లెక్క ఉదయం 8.30తో ముగుస్తుంది. ‘ఈరోజు వర్షపాతం’లో చాలా భాగం నిన్నటి వానే.

ఈ వానాకాలం బడి ఆవరణలో, చెట్లకూ గోడలకూ దూరంగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి పెట్టండి. మూతి ఎంత వెడల్పైనా ఫరవాలేదు. రోజూ 8.30కి నీటి ఎత్తు స్కేలుతో కొలిచి, మర్నాడు పేపరులో మీ మండలం అంకెతో పోల్చి చూడండి.