కుండీ ఇక్కడే ఉంటుంది, విత్తనం మనతో వస్తుంది

‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు’ అని సామెత. మనలో చాలామందికి అసలు పెరడే లేదు. అమ్మదో నాన్నదో ఉద్యోగం ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తాం. ఇచ్చిన క్వార్టర్‌లో ఉంటాం. మూడేళ్లకో నాలుగేళ్లకో మళ్లీ అట్టపెట్టెలు కడతాం. అమ్మమ్మ ఊళ్లో పోపు వేగుతుండగా పెరట్లోకి వెళ్లి కరివేపాకు రెబ్బ తుంచుకొస్తారు. కోల్‌కతాలో మూడో అంతస్తులో ఉండే మనం దానికోసం మెట్లు దిగి బజారుకు వెళ్లాలి.

మా బ్లాకులో తెలుగు ఇళ్లు మూడు. ఆ మూడిళ్ల పిల్లలం కలిసి ఈ వ్యాసం రాస్తున్నాం. రెండేళ్ల క్రితం బాల్కనీలో మొదటి కుండీ పెట్టినప్పుడు ఇంట్లో అందరూ ఒకే ప్రశ్న అడిగారు: “ఎలాగూ వెళ్లిపోయేవాళ్లం, మనది కాని ఇంట్లో ఈ చెట్లెందుకు?” ఆ ప్రశ్నకు మాకు దొరికిన జవాబే ఈ వ్యాసం.

ఎంతవరకు మన చేతిలో ఉంది?

ముందు నిజం చెప్పుకుందాం. బియ్యం, పప్పు, నూనె, ఉప్పు బాల్కనీలో పండవు. ‘మా ఇంటికి కావలసినదంతా మేమే చేసుకుంటాం’ అనడం క్వార్టర్లలో ఉండేవాళ్లకు కుదరదు. కానీ మూడు పనులు కుదురుతాయి. ఒకటి, ఆకుకూరలు, కొత్తిమీర, పచ్చిమిర్చి, కరివేపాకు కొంతవరకు పండించుకోవడం. రెండు, వంటింటి చెత్తను ఎరువుగా మార్చుకోవడం. మూడు, వడియాలు, పొడులు, ఊరగాయలు, చిన్న చిన్న కుట్లు ఇంట్లోనే చేసుకోవడం. ఈ మూడింటినీ కలిపితే ఇంటి ఖర్చు మరీ తగ్గిపోదు. కానీ కొనే ముందు ‘ఇది మనం చేసుకోగలమా?’ అని ఆలోచించే అలవాటు వస్తుంది.

ఈ అలవాటు నేర్చుకోవడానికి కోల్‌కతా కంటే మంచి ఊరు లేదని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాం.

ఊరంతా ఒకే ఇల్లయితే

కోల్‌కతాకు పడమట హుగ్లీ నది ఉంది. అయినా ఊరి మురుగునీటిలో ఎక్కువ భాగం నదిలోకి పోదు. నేల వాలు తూర్పువైపు ఉండటంతో కాలువల గుండా అటే వెళ్తుంది. అక్కడ సుమారు 12,500 హెక్టార్లలో చెరువులు, పొలాలు, కూరగాయల మళ్లు ఉన్నాయి. వాటినే తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు అంటారు. చేపల చెరువులను ఇక్కడివాళ్లు ‘భేడీ’లు అంటారు.

భేడీలో జరిగే పని మన సైన్సు పాఠం లాంటిదే. మురుగునీటిని లోతు తక్కువ ఉన్న చెరువులోకి వదిలి కొన్ని రోజులు ఎండకు ఉంచుతారు. నీటిలోని మలినాలను బాక్టీరియా విడగొడుతుంది. అందులోంచి వచ్చిన పోషకాలతో శైవలాలు, అంటే నాచు జాతి మొక్కలు పెరుగుతాయి. అవి ఎండ సాయంతో ఆక్సిజన్ విడుదల చేస్తాయి. ఆ ఆక్సిజన్‌తో బాక్టీరియా మరింత పని చేస్తుంది. శైవలాలను, వాటిని తినే సూక్ష్మజీవులను చేపలు తింటాయి. చెరువు గట్ల వెంట గుర్రపుడెక్క పెంచుతారు. అది అలల తాకిడికి గట్టు కోసుకుపోకుండా కాపాడుతుంది. చేపల చెరువు దాటిన నీరు వరిపొలాలకు వెళ్తుంది. దగ్గర్లోని ధాపాలో ఊరి చెత్త కుళ్లి తయారైన ఎరువు మీద కాలీఫ్లవర్ లాంటి కూరగాయలు వందేళ్లకు పైగా పండిస్తున్నారు. ఊరు పారేసింది తిరిగి ఊరి పళ్లెంలోకే వస్తుందన్నమాట.

ఈ పద్ధతిని పుస్తకాలు చదివినవాళ్లు కనిపెట్టలేదు. ఇక్కడి జాలరులు, రైతులు తరాలుగా చేసి చేసి నేర్చుకున్నారు. దాని విలువను ప్రపంచానికి చెప్పిన ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్. చెరువులు పూడ్చి భవనాలు కట్టాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు విషయం కోర్టుకు వెళ్లింది. 1992లో కలకత్తా హైకోర్టు ఈ నేలలకు రక్షణగా తీర్పు ఇచ్చింది. 2002 ఆగస్టు 19న వీటికి రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. మన తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సంతోషకరమైన విషయం ఉంది. మన కొల్లేరుకు కూడా ఆ గుర్తింపు వచ్చింది సరిగ్గా ఆ రోజే!

ధాపా మనకు ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. ఒకప్పుడు ఊరి చెత్తలో ఎక్కువగా తొక్కలు, ఆకులు, బూడిద ఉండేవి. ఇప్పుడు ప్లాస్టిక్, బ్యాటరీలు, మందుల పట్టీలు కలిసిపోతున్నాయి. అలాంటి చెత్త మంచి ఎరువు కాలేదు. కాబట్టి తడి చెత్తను, పొడి చెత్తను వేరుచేయవలసిన చోటు ధాపా కాదు, మన వంటిల్లే.

బకెట్‌లో ఎరువు

భేడీలో జరిగే పనినే చిన్నగా మనం ఇంట్లో చేయవచ్చు. మూత ఉన్న పాత ప్లాస్టిక్ బకెట్ ఒకటి తీసుకోండి. పెద్దవాళ్ల సాయంతో అడుగున, పక్కల చిన్న రంధ్రాలు చేయించండి. కింద ఒక పళ్లెం పెట్టండి. అడుగున ఎండుటాకులు పరచండి. ఆపైన కూరగాయల తొక్కలు, వాడిన టీ పొడి, పూజ అయిన పూలు ఒక పిడికెడు వేస్తే, వాటిమీద ఎండుటాకులో చింపిన వార్తాపత్రిక ముక్కలో రెండు పిడికిళ్లు వేయండి. వారానికి రెండుసార్లు కర్రతో కలపండి. బకెట్ నిండాక కదపకుండా ఉంచితే ఎండాకాలంలో సుమారు రెండు నెలల్లో, చలికాలంలో ఇంకొంచెం ఆలస్యంగా, నల్లని పొడి ఎరువు తయారవుతుంది. వాన పడ్డ మట్టి వాసన వస్తే ఎరువు సిద్ధమైనట్టే.

మా మొదటి బకెట్ మాత్రం మట్టి వాసన రాలేదు. అన్నం, చేపముళ్లు, మిగిలిన పులుసు అన్నీ అందులో వేశాం. ఎండుటాకులు వేయలేదు. జులై వానల్లో మూత కూడా మరిచిపోయాం. నాలుగో రోజుకు పక్కింటి మాషీమా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చారు. ‘మాషీమా’ అంటే బెంగాలీలో పిన్నిగారు లాంటి పిలుపు. ఆమె కోప్పడలేదు. బకెట్‌లోకి ఒకసారి చూసి, “దీనికి ఊపిరాడటం లేదు” అన్నారు. అది నిజం. తడి ఎక్కువైతే లోపలికి గాలి వెళ్లదు. గాలి లేని చోట పనిచేసే బాక్టీరియా వల్లే దుర్వాసన వస్తుంది. పొడి ఆకులు కలిపి, గాలి తగిలేలా తిరగేస్తే వాసన తగ్గిపోతుంది. వండినవి, నూనె ఉన్నవి, ఎముకలు, ముళ్లు వేయకూడదని అప్పుడే తెలుసుకున్నాం.

ఏ కాలంలో ఏం వేయాలి?

కోల్‌కతా మట్టి గంగ తెచ్చిన బంకమట్టి. తడిస్తే అంటుకుంటుంది, ఎండితే గట్టిపడుతుంది. అందుకే రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ఎరువు, ఒక పాలు ఇసుక కలపాలి. కుండీ అడుగు రంధ్రం మీద ఒక పెంకు ముక్క పెడితే నీళ్లు పోతాయి, మట్టి ఆగుతుంది.

వేసవిలో తోటకూర, బచ్చలి, గోంగూర వేయండి. తోటకూర నెల లోపే కోతకు వస్తుంది. బచ్చలికి విత్తనం కూడా అక్కర్లేదు, ముదురు కాడ ముక్క గుచ్చితే చాలు. మన బచ్చలే ఇక్కడి ‘పుయి శాక్’, మన తోటకూరే ‘నొటే శాక్’. బజారులో ఈ పేర్లు తెలియక మొదటి ఏడాది మేము వాటిని కొనలేదు, కళ్ల ముందే ఉన్నా! ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ‘కాల్‌బైశాఖీ’ గాలివాన వస్తుంది. ఆ రోజుల్లో కుండీలను పిట్టగోడ మీద ఉంచకండి. కింద నడిచేవాళ్ల మీద పడితే ప్రాణానికే ప్రమాదం.

వానాకాలంలో నీళ్లు పోయడం కంటే నీళ్లు తీసేయడమే ముఖ్యం. కుండీ కింది పళ్లేల్లో నిలిచిన నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి ఇంచుమించు వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి ప్రతి ఆదివారం పళ్లేలన్నీ ఒంపి, తోమి, ఆరబెట్టండి. ఈ పని చేయలేనివాళ్లు కుండీలు పెట్టకపోవడమే మేలు.

దుర్గాపూజ సెలవులు అయ్యాక ఆకుకూరలకు మంచి కాలం మొదలవుతుంది. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి చల్లితే కొత్తిమీర నెలన్నరకు కోతకు వస్తుంది. మెంతికూర నెలకే వస్తుంది. పాలకూరను వేళ్లతో పీకకుండా పై ఆకులు కోసుకుంటే మళ్లీ మళ్లీ వేస్తుంది.

నీటి సంగతి కూడా లెక్క వేయండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. పది చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే 200 లీటర్లు! అంత పట్టుకోలేకపోయినా ఒక డ్రమ్ము నింపి మూత పెట్టుకోవచ్చు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు కూడా కుండీలకు పనికొస్తాయి. కింది అంతస్తు గోడకు చెమ్మ దిగకుండా చూసుకోవడం మన బాధ్యత. ఇల్లు మనది కాదు కదా.

వడియం, బొడి, బొంత, కాంథా

ఒకసారి సంక్రాంతి సెలవుల్లో మా డాబా మీద రెండు పాత చీరలు పక్కపక్కనే పరిచి ఉన్నాయి. ఒకదాని మీద మా ఇంటి గుమ్మడి వడియాలు. రెండోదాని మీద మాషీమా ‘బొడి’లు. రెండూ మినప్పప్పు రుబ్బి, బూడిదగుమ్మడి కలిపి పెట్టినవే. మన వడియంలో పచ్చిమిర్చి కారం ఉంటుంది, మనం వేయించి అన్నంలోకి నంజుకుంటాం. వాళ్లు వేయించి కూరల్లో వేస్తారు. కాకుల్ని తోలే పని మాత్రం రెండిళ్ల పిల్లలదీ!

కింద పరిచే చీర కూడా అంతే. మన ఊళ్లలో పాత చీరలు పొరలుగా పెట్టి బొంత కుడతారు. ఇక్కడ అదే పనిని ‘కాంథా’ అంటారు. పాత చీర అంచుల్లోంచి లాగిన రంగు దారాలతోనే కాంథా మీద పూలు, చేపలు కుట్టేవారు. చిరిగిన బట్టను పారేయకుండా చలికి కప్పుకునేది చేసుకోవడం ఇద్దరికీ తెలుసు. రోజుకు రెండు వరుసలు కుట్టినా ఒక సెలవుల్లో చిన్న ఆసనం పూర్తవుతుంది. సూది పట్టడం అమ్మాయిలకే అనుకోకండి. మాలో అందరికంటే నేరుగా కుట్టేది ఒక అబ్బాయే.

లారీ వచ్చిన రోజు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మా మూడిళ్లలో ఒకరికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. పరీక్షలు అయిపోగానే బయలుదేరాలి. మూసిన లారీలో మూడు నాలుగు రోజులు ఎండా గాలీ లేకుండా కుండీలు బతకవు. రెండేళ్లు పెంచిన కరివేపాకు మొక్కను వదిలి వెళ్లాలంటే ఏడుపు వచ్చిన మాట నిజమే. అయితే ఏమేం వెంట వెళ్తున్నాయో కూర్చుని రాసుకున్నాం.

చలికాలంలో ఒక గోంగూర మొక్కను, ఒక తోటకూర మొక్కను, ఒక కొత్తిమీర మొక్కను కోయకుండా వదిలేశాం. అవి పూసి, గింజ కట్టాయి. బచ్చలి పండ్లు వేళ్లకు ఊదారంగు పూశాయి. ఆ గింజలన్నీ నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లాలు కట్టాం. ఒక్కోదాని మీద పేరు, ఊరు, నెల రాశాం. ఒక నోటుపుస్తకంలో ఏది ఎప్పుడు వేశామో, ఏది ఎందుకు చచ్చిపోయిందో రాసి ఉంది. పొట్లాలు, పుస్తకం, సగం కుట్టిన బొంత కలిపి ఒక చెప్పుల పెట్టెలో పట్టాయి. కొత్త ఊళ్లో మట్టి వేరు, వాన వేరు. కానీ మట్టిని చేత్తో పిండి చూడటం, పొరుగింటివాళ్లను ‘ఇక్కడ ఇప్పుడు ఏం వేస్తారు?’ అని అడగడం వచ్చినవాళ్లకు ఏ ఊరైనా ఒకటే.

కరివేపాకు కుండీ మాషీమా ఇంటికి వెళ్తోంది. బెంగాలీ వంటల్లో కరివేపాకు పెద్దగా వాడరు. “మరి మీకెందుకు మాషీమా?” అని అడిగాం. “ఆ క్వార్టర్‌లోకి మళ్లీ ఎవరైనా తెలుగువాళ్లు వస్తారేమో!” అన్నారు.

మిత్రులారా, ఈ ఆదివారం పెద్ద తోట గురించి ఆలోచించకండి. ఒక పాత డబ్బా, గుప్పెడు ధనియాలు చాలు. మొలక వచ్చిన రోజు తేదీ రాసి పెట్టుకోండి.