పిల్లిపెసర, పెసర

పిల్లిపెసర, పెసర రెండూ ఫాబేసి కుటుంబంలో విగ్నా ప్రజాతికి చెందిన మొక్కలు. పెసర శాస్త్రీయ నామం విగ్నా రేడియేటా. పిల్లిపెసరది విగ్నా ట్రైలోబేటా. పూర్వం వీటిని ఫేసియోలస్ ప్రజాతిలో చేర్చినందున పాత గ్రంథాలలో ఆ పేర్లే కనిపిస్తాయి. ఆయుర్వేదంలో పెసర ముద్గము, పిల్లిపెసర ముద్గపర్ణి. పెసర ఆకుల వంటి ఆకులు గలదని ఈ రెండవ పేరుకు అర్థం. కాని ఈ రెంటినీ సులభంగా వేరుచేసేది ఆకే.

గుర్తించే విధానం

రెంటిలోనూ ఆకుకు మూడేసి పత్రకాలుంటాయి. పెసర పత్రకం సాధారణంగా అండాకారంలో, చీలికలు లేకుండా ఉంటుంది. పిల్లిపెసర పత్రకం మూడు తమ్మెలుగా చీలి ఉంటుంది. ట్రైలోబేటా అనగా అదే. పెసర మొక్క నిటారుగా పెరుగుతుంది, దాని కాయలపై నూగు ఉంటుంది. పిల్లిపెసర నేలబారున తీగ సాగుతుంది, కాయలు సన్నగా, గింజలు చిన్నవిగా ఉంటాయి. పువ్వులు రెంటికీ పసుపు రంగువే కనుక పూతను బట్టి పోల్చుకొనుట కష్టం.

సాగు, ఉపయోగాలు

పెసర సుమారు 60-70 రోజులలో కోతకు వచ్చే పప్పు పంట. గింజలో దాదాపు 24 శాతం మాంసకృత్తులు ఉంటాయి. గుంటూరు వద్ద గల లాం పరిశోధనా స్థానం విడుదల చేసిన ఎల్‌జీజీ 460 దీనిలో పేరొందిన రకం. తెల్లదోమ ద్వారా వ్యాపించే పల్లాకు తెగులు ఈ పంటకు పెద్ద బెడద.

పిల్లిపెసర పశుగ్రాసం, పచ్చిరొట్ట ఎరువు. ఐరోపాలో క్లోవర్ చేసే పనిని ఇక్కడ ఇది చేస్తుందనవచ్చు. ఒకసారి మేతగా కోసుకొని, తిరిగి చిగిర్చిన పైరును పూత దశలో కలియదున్నుతారు.

నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీరు వదిలిన తరువాత పల్నాడులో మాగాణి పెరిగింది. వరి కోసిన నల్లరేగడిలో మిగిలే తేమతో ఏ పైరు వేయాలన్నది రైతు తేల్చుకోవలసిన విషయం. రెండు మొక్కల వేరుబుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. అయితే పెసర కూర్చిన నత్రజనిలో అధిక భాగం గింజతో పాటు చేను దాటిపోతుంది. కాయలు కోసిన కట్టెను దున్నినా నేలకు దక్కేది కొంతే. పిల్లిపెసరను పూతలోనే దున్నితే ఆ నత్రజని అక్కడే ఉంటుంది, కాని ఆ కారు చేతికి డబ్బు రాదు. పాడి ఉన్న ఇంటికి ఈ లోటు పచ్చిమేత రూపంలో కొంత తీరుతుంది. గేదెలు లేని కౌలు రైతు పెసర వైపు మొగ్గడం సహజం. నేల బాగుపడిన ఫలితం మరుసటి ఏడు ఎవరికి దక్కుతుందో అతనికి తెలియదు.

పిల్లిపెసర విత్తనం సేకరించడం శ్రమతో కూడిన పని. కాయలు ఎండగానే పగిలి గింజలు రాలిపోతాయి. నీరు నిలిచే పల్లపు చేలకు ఈ రెండూ తగవు. అక్కడ జీలుగ వేస్తారు.