నాలుగు స్వరాలు చాలునా?

మన జమ్మికుంట కుర్రకారుకు సంగీతమంటే సినిమా పాటే. శాస్త్రీయ సంగీతమనగానే 'అది పాతది, ఇక మారేది కాదు' అని పక్కకు నెట్టేస్తాం. అది పొరపాటని మంగళంపల్లి బాలమురళీకృష్ణ జీవితమే చెబుతుంది.

ఆయన 1930లో తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారు. పసికందుగా ఉండగానే తల్లి పోయింది. త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర నేర్చుకుని, ఎనిమిదేళ్లకే విజయవాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశారు. చిన్న వయసులోనే 72 మేళకర్త రాగాలన్నింటిలోనూ కృతులు కట్టారు. అవి 'జనకరాగ కృతిమంజరి' పేరిట 1952లో వెలువడసాగాయి.

ఇంతవరకు సంప్రదాయమే. అసలు గొడవ ఆ తర్వాతిది. మేళకర్తలో ఏడు స్వరాలుంటాయి. దానినుంచి పుట్టిన రాగానికి కనీసం ఐదైనా ఉండాలని విద్వాంసులు చాలాకాలం అనుకున్నారు. బాలమురళి 'మహతి'ని స, గ, ప, ని అనే నాలుగింటితోనే నిలబెట్టారు. 'లవంగి'కి స, రి, మ, ద. 'సర్వశ్రీ'కైతే స, మ, ప మూడే! హార్మోనియం ఉన్నవారు మహతిని అంతర గాంధారం, కైశికి నిషాదంతో వాయించి చూడండి. ఆ నాలుగు మెట్లూ ఒక్కసారే నొక్కితే పాశ్చాత్యులు సెవెన్త్ కార్డ్ అనేది వినిపిస్తుంది. వాళ్లు కలిపి మోగించేదాన్ని ఈయన విడదీసి పాడారన్న మాట.

వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ ప్రభృతులు గట్టిగా ఆక్షేపించారు. లెక్క వేస్తే స్వరాల కూర్పులు ఎవరికైనా దొరుకుతాయి గదా, అందులో సృష్టి ఏముంది? ప్రశ్న న్యాయమైనదే. లెక్క రాగం కాదు. కాని ఆ లెక్కలో ప్రాణం ఉందో లేదో పాడితేనే తెలుస్తుంది. మహతి కచేరీ గడప దాటి, 1975లో ఎం.ఎస్. విశ్వనాథన్ చేతిలో 'అపూర్వ రాగంగళ్' అనే తమిళ చిత్రంలో పాట అయింది. కచేరీ బయట కూడా బతికిన రాగాన్ని వట్టి లెక్క అనగలమా?

పోలండు స్వరకర్త పెండెరెట్స్కీ 1960 ప్రాంతంలో 52 తంత్రీవాద్యాల చేత అరుపుల వంటి ధ్వనులు పలికించి, పాత నియమాలను పక్కన పెట్టేశాడు. బాలమురళి దారి వేరు. ఇంటి దూలాలు కదపకుండా కొత్త గది వేసుకున్నారు. ఆ దూలాలు ఎక్కడున్నాయో గురువు దగ్గర క్షుణ్ణంగా నేర్చుకున్నవాడు గనుకనే అది సాధ్యమైంది.

ఆయన 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు. పాఠం బట్టీ పట్టి ఆగిపోయే మనకూ, పాఠమే వద్దనే మనకూ ఆయన చెప్పేది ఒక్కటే: పూర్తిగా నేర్చుకో, ఆపైన నీదంటూ ఒకటి కలుపు.